కొండ త్రోవలు - మోసిన భుజములు

వసంత గ్రీష్మములయందు కొండలకు బోయి రెండు మూడు దినములు గడపుట దేహమునకు మంచిదనియు, మనస్సునకు ఉల్లాసకరమనియు నేడు చదువుకొన్న కుటుంబములవారందరు నంగీకరింతురు. అయితే మన దేశమున ఈ యలవాటునకు ఒక చరిత్ర కలదు. కొండ నెవరెక్కిరో శాసనములు చెప్పును, కావ్యములు చెప్పును. ఎవరి భుజములమీద నెక్కిరో చెప్పు గ్రంథములు మాత్రము మిక్కిలి తక్కువ. ఆ రెండవ విషయమునే పెద్దపల్లి ప్రాంతమునందలి రామగిరిని ఉదాహరణముగా గొని యిచట విచారింతము.

పెద్దపల్లి నుండి మంథనికి బోవు త్రోవకు సమీపమున, బేగంపేట గ్రామము చెంత రామగిరి కొండ యున్నది. దానిపై ప్రాచీనమైన దుర్గము కలదు. శ్రీరాముడిచట నివసించెనని స్థానికుల విశ్వాసము. కాళిదాసు మేఘసందేశమునందలి రామగిరి యిదియేయని కొందరు సంతోషింతురు గాని, పండితులు పెక్కురు నాగపురము చెంతనున్న రామటేకునే ఆ గౌరవమునకు తగినదిగా నెంచుచున్నారు. ఆ గౌరవము లేకున్నను మన రామగిరికి వచ్చిన లోటు లేదు. దాని చరిత్ర దానికి చాలును.

ఈ సీమలో ప్రయాణములకు వసంత గ్రీష్మములే తగిన కాలముగా నుండుటకు కారణములు స్పష్టములు. వానకాలమున గోదావరియు మానేరును పొంగి దాటరానివగును. నల్లరేగడి త్రోవలలో బండి చక్రము ఇరుసుదాక దిగబడును. ఫాల్గునము వచ్చుసరికి పంట లింటికి చేరును, ఏరులు సన్నగిలును, అడవిలో మోదుగులు ఎర్రగా పూయును. చైత్రమున ఇప్పపూవు రాలును. పిమ్మట తునికాకు కోతకు వచ్చును. యాత్రికుడు, వర్తకుడు, అధికారి, సైనికుడు అందరును ఈ నాలుగు నెలలనే నమ్ముకొని బయలుదేరెడివారు.

రాజుల రాకపోకలను చూతము. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనము కాకతీయ రెండవ ప్రోలరాజు మంత్రకూటాధిపతియగు గుండని జయించుటను వర్ణించినది. ఆ మంత్రకూటమే నేటి మంథని. పదునైదవ శతాబ్దమున రామగిరి నేలిన ముప్పభూపాలుని మంత్రి కందనామాత్యునకు మడికి సింగన తన పద్మపురాణోత్తరఖండమును అంకితమిచ్చెను. దుర్గమున్నచోట కావ్యము కూడ నుండెనని దీనివలన తెలియుచున్నది. 1656 ఫిబ్రవరిలో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి మార్చి చివర విడిచెను. ఆ సంధిలో అబ్దుల్లా కుతుబ్‌షాహి మొగలులకు వదలుకొనిన సీమ రామగిరి సీమయే. ఈ దండయాత్రయు వసంతమునందే జరిగినదని గమనింపదగును. ఎండిన త్రోవ యాత్రికునకెంత యనుకూలమో సైన్యమునకును అంతే యనుకూలము.

ఇక ప్రజల ప్రయాణముల సంగతి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీని కాశీయాత్రకు బయలుదేరెను. ఆయన హైదరాబాదు మీదుగా నిర్మల చేరి, యచటినుండి ఉత్తరపు కొండ త్రోవలబడి నాగపురమునకు పోయెను. 1838లో అచ్చుపడిన ఆయన కాశీయాత్రచరిత్ర మన భాషలో యాత్రారచనకు మార్గము చూపినది. అట్టి సంపన్నగృహస్థుల యాత్రలు పల్లకీ బోయీలును, సామాను మోయువారును లేక సాగునవి కావు. యాత్రాఫలము పల్లకిలోనివారికి దక్కెను. భుజముమీది కాయ బోయీకి దక్కెను. అయినను బోయీకి కూలి యుండెను. కూలియైన లేని మోతను ఇటుపై చూడవలెను.

నిజాం రాజ్యమున దొరలును అధికారులును గ్రామములకు దౌరా వచ్చినప్పుడు వారి ప్రయాణభారమంతయు వెట్టిచాకిరిపై నడచెడిది. మేనాలు మోయువారు, సామాను తలకెత్తుకొని మరియొక గ్రామమునకు చేర్చువారు, బండి ముందు పరుగెత్తువారు, గుర్రములకు గడ్డి కోయువారు, కుండలు తెచ్చువారు, నీరు మోయువారు అందరును గ్రామమునందలి శ్రామికులే. జీతమడుగుటకు వారికి నోరు లేకుండెను. వేసవి యెండలో ఒకరికి విహారమైనది వేరొకరికి దండన మయ్యెను. 1921లో హైదరాబాదున నాంధ్రజనసంఘము పుట్టి ఈ వెట్టిపై నాందోళన చేసెను. మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు పల్లెపల్లెకు ఈ సంగతి చాటిరి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన ప్రథమాంధ్రమహాసభ నాటినుండి ఈ ప్రశ్న బహిరంగ వేదికల కెక్కెను. మన పూర్వులు సాధించిన సంస్కారములలో పాఠశాలలను, గ్రంథాలయములను స్మరింతుము. మనిషిని మనిషి మోయుట మాన్పించుటయు అంతటి సంస్కారమే యని మరువరాదు.

స్త్రీల సంగతి మరియొక విధముగ విచిత్రమైనది. గొప్పయింటి స్త్రీ మేనా తెరల నడుమ కూర్చుండి కొండ ప్రక్కనే పోయినను కొండను చూడలేదు. పేదయింటి స్త్రీ ఇప్పపూవునకును, కట్టెలకును, ఆకునకును ప్రతిదినము కొండనెక్కెను గాని, తలపై మోపుండగా తలయెత్తి చూచు తీరిక ఆమెకు లేకపోయెను. ఒకరికి పరదా అడ్డము; ఒకరికి బరువు అడ్డము. కన్నులున్నను కొండ ఇద్దరికిని దూరమే యయ్యెను.

1929లో కాజీపేట బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తియయ్యెను. పెద్దపల్లి, రామగుండములు చెన్నపట్టణము నుండి ఢిల్లీకి బోవు పెద్దదారిలో చేరెను. టిక్కెట్టు కొన్నవాడు ఏ కులమువాడైనను ఒకే బల్లపై కూర్చుండ వచ్చెను. బోయీల భుజములు తేలికపడెను. అంతమాత్రమున భారము మాయమైనదనుకొనుట పొరపాటు. భారము భూమి క్రిందికి దిగెను. ఆ కాలపు రైలింజనులను నడపినది బొగ్గు. ఆ బొగ్గును త్రవ్వినది కార్మికుడు. పిదపకాలమున గోదావరిఖని ప్రాంతముననే సింగరేణి గనులు తెరవబడెను. రామగుండమున విద్యుత్తు పుట్టుచున్నది. మన యిండ్లలో వేసవిని చల్లబరచు పంకా వెనుక నేడును ఒక భుజమున్నది. 45 డిగ్రీలు దాటు ఎండలలో గనికి బోవు వాని కుటుంబమునకు రామగిరి కన్నులయెదుటనే యున్నను, దానిపై నొక ఉదయము గడపు తీరిక యెందరికి దొరకుచున్నది?

కావున కొండ యాత్ర చేయదలచిన గృహస్థులకు నేను చెప్పునది స్వల్పము. తెల్లవారకమున్నే బయలుదేరి, ఎండ ముదురక మునుపే దిగిరండు. మీ నీటికుండ మీరే మోయుడు. దారి చూపిన వానికి, బరువు మోసిన వానికి బేరమాడక కూలి యిండు. ఇంటి స్త్రీలను వెంట తీసికొనిపొండు. వంటకై గాక, చూచుటకై. ఇప్పపూ లేరుటకు చెట్లక్రింద నిప్పు పెట్టుట యడవికి చేటని మీరు కలిసిన వారికి మెల్లగా చెప్పుడు. మూలికలకు పేరుపొందిన కొండయని దొరికిన వేరునెల్ల పెరుకవలదు. చెట్టు పేరు పిల్లలకు తెలిపి విడిచిపెట్టిన చాలును. బడిపిల్లలతో గనికార్మికుల బిడ్డలను గూడ కలిపి తీసికొనిపోయిన నింకను మేలు.

రామగిరి బురుజులు రాజులు కట్టించిరని చదువుదుము. రాళ్లు మోసినవారి పేర్లు ఏ శాసనమునను లేవు. వారి పేర్లను మనము తిరిగి వ్రాయలేము. కొండనెక్కునపుడు మన బరువు మరియొకరి మెడపై పడకుండ చూచుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది.