ఆ ఇల్లు ఎవరి పేరున?

మొన్న సంక్రాంతికి మా పుట్టింటికి వెళ్ళినప్పుడు మావారు చేలో నిలబడి ఒక ఇల్లు కట్టేశారు. నోటితోనే లెండి. ఇక్కడ ఒక గది, ముందు వసారా, కప్పు మీద రెండు సోలార్ పలకలు, వాన నీళ్ళు పట్టుకోవడానికి ఒక తొట్టి. కరెంటు స్తంభం ఎక్కడో రోడ్డు మీద ఉంది కాబట్టి దాని జోలికే వెళ్ళక్కర్లేదట. మా అబ్బాయి పాత క్యాలెండరు చింపి, వెనకవైపు పది అడుగులు, పన్నెండు అడుగులు అని కొలతలేసి గీసేశాడు కూడా. "పొయ్యి ఎక్కడ?" అన్నాను నేను. అందరూ నవ్వారు.

నిజానికి నేను అడగాలనుకున్నది ఇంకొకటి. అది గొంతులోనే ఉండిపోయింది. ఆ అరెకరం నా పెళ్ళప్పుడు నాన్న పసుపు కుంకుమ కింద నాకిస్తానన్నది. మాట ఉంది, కాగితం లేదు. నాన్న ఇప్పుడు లేరు. తమ్ముడు మంచివాడే, అయినా నోరు తెరిచి అడగడానికి నాకు ఇరవయ్యేళ్ళుగా మొహమాటం.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే, ఎప్పుడో చదివిన అమెరికా ఆడవాళ్ళు గుర్తొచ్చారు. కరెంటు లేని, చెట్టు లేని, చుట్టుపక్కల మనిషి లేని చోట ఒంటి గది ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. వాళ్ళ కథ మీకూ చెప్పాలనిపించింది.

1862 మే 20న అబ్రహాం లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం చేశాడు. ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలు ఎంచుకుని, రుసుముల కింద మొత్తం 18 డాలర్లు కట్టి, అక్కడ ఇల్లు కట్టుకుని, అయిదేళ్ళు కాపురం ఉండి, కొంత సాగు చేసి చూపిస్తే భూమి వాళ్ళదే. ఇల్లు లేకపోతే పట్టా లేదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన పెళ్ళికాని ఆడపిల్లలు, వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. మొగుడితో కాపురం చేస్తున్న ఇల్లాలు మాత్రం సాధారణంగా తన పేరున పెట్టుకోవడానికి వీల్లేదు. ఇంటి పెద్ద అతనే కదా!

ఒక మాట ముందే చెప్పాలి. ఆ భూమి ఖాళీగా పడి ఉన్నది కాదు. పానీలు, లకోటాలు, షోషోనీలు లాంటి ఎన్నో తెగలవారి నేల అది. ఒప్పందాలతో, యుద్ధాలతో వాళ్ళని తరిమేశాకే "ఖాళీ భూమి" అయింది. ఒక ఆడదానికి గూడు దొరికిందని సంతోషించేటప్పుడు, అక్కడ ఇంకో ఆడదాని గూడు చెదిరిందని మరిచిపోకూడదు.

సరే, ఇల్లు కట్టాలి. నెబ్రాస్కా మైదానాల్లో వాసానికి, దూలానికి కర్ర దొరకదు. ఉన్నదల్లా గడ్డి. ఆ గడ్డి వేళ్ళు మట్టిని జడ అల్లినట్టు అల్లేసి ఉంటాయి. అందుకని ప్రత్యేకమైన నాగలితో నేలని దాదాపు అడుగు వెడల్పు, నాలుగు అంగుళాల మందాన పొడవాటి పట్టీల్లా లేపి, పారతో ముక్కలు కోసేవాళ్ళు. ఆ గడ్డిపెళ్ళలే ఇటుకలు. గడ్డి వైపు కిందికి పెట్టి, వరసమీద వరస పేర్చేవాళ్ళు. గోడ రెండడుగులకు పైనే మందం. చిన్న ఇంటికి కూడా అరెకరం నేల చెక్కేయాల్సి వచ్చేది. పైన కొమ్మలు, రెల్ల, ఆ మీద మళ్ళీ గడ్డిపెళ్ళలు.

మన మట్టి మిద్దెలు చూసినవాళ్ళకి తెలుసు, మందపు గోడ వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. ఆ సుఖం వాళ్ళకీ ఉంది. కానీ కప్పు! బయట వాన వెలిశాక కూడా లోపల బురద నీళ్ళు కారుతూనే ఉండేవి. పైనుంచి మట్టి, పురుగులు, ఒక్కోసారి పాములు కూడా పడేవి. అందుకని ఆడవాళ్ళు కప్పు కింద పలచటి గుడ్డ కట్టేవాళ్ళు. లోపలి గోడలు చెక్కి, నున్నగా పూసి, కాగితాలు అంటించేవాళ్ళు. ఆ మందపు గోడల్లో కిటికీ గూడు లోతుగా ఉంటుంది కదా, అక్కడ పూలకుండీ పెట్టుకునేవాళ్ళు. పూలకుండీ అనగానే నాకు వాళ్ళు మనవాళ్ళే అనిపించింది.

మరి నేనడిగితే నవ్వారే, ఆ పొయ్యి సంగతి? కట్టెలు లేవు కాబట్టి ఎండిన పేడే వంటచెరకు. మొదట్లో అడవిదున్నలది, తర్వాత ఆవులది. చేలో తిరిగి ఏరుకొచ్చేవాళ్ళు, అచ్చం మన ఏరుపిడకల్లాగే. నీళ్ళు వాగు దగ్గర్నుంచి పీపాల్లో మోసుకురావాలి. లేదా బావి తవ్వాలి. కొన్నిచోట్ల రెండు వందల అడుగులు దిగితే గాని నీళ్ళు పడేవి కావు.

1886లో సాలమన్ బుచర్ అనే ఫోటోగ్రాఫరు నెబ్రాస్కాలోని కస్టర్ కౌంటీలో ఒక ఫోటో తీశాడు. గడ్డిపెళ్ళల ఇంటి ముందు నలుగురు అక్కచెల్లెళ్ళు, పక్కన జీను వేసిన గుర్రాలు. క్రిస్‌మన్ అక్కచెల్లెళ్ళని పేరు. పక్కపక్కన ఎవరి భూమి వాళ్ళకి ఉండాలన్నది వాళ్ళ ఆలోచన. రాత్రిళ్ళు ఒంటరిగా ఉండకుండా, వంతులవారీగా ఒకరి ఇంట్లో ఇంకొకరు తోడు పడుకునేవాళ్ళట. చట్టానికి ఎవరి ఇల్లు వాళ్ళది, మనసుకి అందరిదీ ఒకటే ఇల్లు. ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో! నలుగురూ సూటిగా కెమెరావైపే చూస్తుంటారు.

గడువు తీరాక పరీక్ష ఉండేది. పత్రికలో ప్రకటన వేయించాలి. ఇద్దరు సాక్షులు వచ్చి, ఈమె ఇక్కడే కాపురం ఉంది, ఇల్లు ఇంత, సాగు ఇంత అని ప్రమాణం చేయాలి. అలా నెగ్గినవాళ్ళు తక్కువేం కాదు. కొన్ని ప్రాంతాల రికార్డుల్లో పదిమంది దరఖాస్తుదారుల్లో ఒకరు ఆడమనిషి.

వాళ్ళలో ఒకావిడ పేరు ఎలినోర్ ప్రూయిట్ స్టీవర్ట్. డెన్వర్ నగరంలో బట్టలుతికి, ఇళ్ళల్లో పనిచేసి బతికిన మనిషి. 1909లో కూతురిని వెంటబెట్టుకుని, వయోమింగ్‌లో క్లైడ్ స్టీవర్ట్ అనే రైతు ఇంట్లో వంటకీ ఇంటిపనికీ కుదిరింది. అతని భూమి పక్కనే తన పేరున దరఖాస్తు పెట్టింది. కొద్దిరోజులకే అతన్ని పెళ్ళి చేసుకుంది. తన ఇంటిని అతని ఇంటికి ఆనించి, తన హద్దులో కట్టుకుంది. భూమి సంగతి మొగుడి సాయం లేకుండా తానే చూసుకుంటానని ఆమె పట్టుదల. డెన్వర్‌లో తను పనిచేసిన ఇంటావిడకి రాసిన ఉత్తరాలు 1914లో పుస్తకంగా వచ్చాయి. ఉతుకుడు తొట్టి ముందు గడిపేంత ఓపిక ఉన్న ఏ ఆడదైనా సొంత భూమి సంపాదించుకోవచ్చని ఆమె ధైర్యం చెప్పింది. ఎంతోమంది నమ్మారు.

పుస్తకంలో లేని సంగతి ఒకటుంది. 1912లోనే ఆమె ఆ భూమి మీద హక్కు వదులుకుంది. భార్యాభర్తలు రెండు వేరువేరు నివాసాలు చూపించడం చట్టం ఒప్పుకోదు. వదులుకున్న భూమికి అత్తగారు దరఖాస్తు పెట్టి, చివరికి పట్టా తన పేరున తెచ్చుకుంది. భూమి ఇంట్లోనే ఉంది. ఆమె పేరే లేదు.

ఇది చదివినప్పుడు నాకు మొదట కోపమొచ్చింది, అబద్ధం చెప్పిందేమిటని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. గోడలు లేపింది, పొయ్యి వెలిగించింది, నేల దున్నింది, పిల్లల్ని పెంచింది. ఇల్లు నాదే అని ఆమె అనుకుంది. మనందరం అనుకునేదీ అదేగా!

మన దగ్గర కూడా ఆ కాగితం ఆలస్యంగానే వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకి వర్తించదన్నారు. మా అమ్మ అలా మిగిలిపోయింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చేసరికి 2005 అయింది. చట్టం వచ్చినా మొహమాటం పోలేదు. అన్నదమ్ముల్ని అడిగితే పుట్టింటి గడప దూరమైపోతుందేమోనన్న భయం మన ఆడవాళ్ళకి బాగా తెలిసిందే.

తెల్లారి కాఫీ ఇస్తూ తమ్ముడితో అన్నాను. "ఒరే, చేలో ఇల్లు కట్టాలనుకుంటున్నాం. ముందు ఆ అరెకరం నా పేరున రాయించరా." చెప్పేటప్పుడు చేతిలో గ్లాసు వణికింది. వాడు కాసేపు కాఫీవైపే చూసి, "నాన్న మాట నాకూ గుర్తుందక్కా, నువ్వే అడగవనుకున్నా" అన్నాడు. మరదలు మాత్రం ఏమీ అనలేదు. ఆమెకీ ఒక పుట్టిల్లు ఉంది. అక్కడ ఆమె ఏం అడగలేకపోయిందో నాకు తెలియదు. ఈసారి వెళ్ళినప్పుడు కూర్చుని మాట్లాడాలి.

రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. కాగితాలు వెతుకుతున్నారు. మా అబ్బాయి గీసిన ప్లాను బీరువా తలుపుకి అంటించి ఉంది. దాని మీద పొయ్యి చోటు నేనే గుర్తుపెట్టాను, తూర్పు కిటికీ పక్కన. కింద నా పేరు కూడా రాసుకున్నాను, పెన్సిలుతో. సంతకం అయిన రోజున పెన్నుతో దిద్దుతాను.