సైట్ వచ్చిన దారి

పిల్లవాడికి మైనస్ పవర్ కళ్ళజోడు పడగానే ఇంట్లో తప్పంతా సెల్‌ఫోన్ మీదికి పోతుంది. నిన్నటిదాకా ఆ నింద టీవీది, అంతకుముందు పుస్తకానిది. "అంత దగ్గర పెట్టుకుని చదవకు, సైట్ వస్తుంది" అన్న మందలింపు ఎన్ని తరాలు విన్నాయో!

హ్రస్వదృష్టి ఉన్న కంట్లో దూరపు వస్తువు బింబం రెటీనా మీద కాకుండా దానికి ముందే పడుతుందని 1604లో వివరించినవాడు యోహానెస్ కెప్లర్. గ్రహాల దారులు లెక్కగట్టిన ఆయనకూ దూరపు చూపు ఆనేది కాదు. చాలామందిలో దీనికి మూలం కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి సాగిపోవడం. ఒకసారి సాగిన గుడ్డు మళ్ళీ కురచ కాదు. అసలు అది ఎందుకు సాగుతుందన్నదే చిక్కుప్రశ్న.

నేరం చదువు మీద గట్టిగా పడింది 1867లో. బ్రెస్లావ్ నగరంలో హెర్మన్ కోన్ అనే కంటి వైద్యుడు 10,060 మంది బడిపిల్లల కళ్ళు పరీక్షించాడు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి 1.4 శాతమే, పై చదువుల జిమ్నాసియంలలో 26.2 శాతం. తరగతి పెరిగేకొద్దీ సైట్ పెరిగింది. వంగి రాయించే బల్లలు మార్చాలనీ, గదుల్లోకి వెలుతురు బాగా రావాలనీ ఆయన పోరాడాడు. కానీ 20వ శతాబ్దం మొదట్లో స్విట్జర్లాండ్‌కు చెందిన అడాల్ఫ్ స్టైగర్ ఇదంతా వంశపారంపర్యమేనని వాదించాడు. వైద్యలోకం దశాబ్దాల పాటు ఆ మాటే నమ్మింది.

ఆ నమ్మకాన్ని కుదిపింది అలాస్కా. 1969లో బారో ప్రాంతంలో ఆదివాసీ కుటుంబాలను పరిశీలిస్తే, బడి ముఖం చూడని పెద్దల తరంలో 131 మందికి ఇద్దరికే హ్రస్వదృష్టి. వాళ్ళ మనవల తరంలో సగం మందికి పైగా! ఒక్క తరం, రెండు తరాల్లో రక్తం మారిపోదు కదా.

అలాగని మళ్ళీ పుస్తకాన్నే దోషిని చేయగలమా? 2008లో వెలువడిన ఒక పోలిక చూడాలి. ఆరేడేళ్ళ చైనా సంతతి పిల్లలు, కొందరు సింగపూర్‌లో, కొందరు సిడ్నీలో. తల్లిదండ్రుల్లో సైట్ ఉన్నవాళ్ళు రెండుచోట్లా దాదాపు సమానం. సిడ్నీ పిల్లలే ఎక్కువ పుస్తకాలు చదివేవారు. అయినా సింగపూర్‌లో 29.1 శాతం పిల్లలకు హ్రస్వదృష్టి, సిడ్నీలో 3.3 శాతానికే. కొట్టొచ్చినట్టు కనిపించిన తేడా ఆరుబయట గడిపిన సమయం: సిడ్నీలో వారానికి 13.75 గంటలు, సింగపూర్‌లో 3.05.

ఇంట్లో ఎంత లైటు వేసినా వెలుతురు సాధారణంగా 500 లక్స్ దాటదు. పగటిపూట బయట అది పది వేలు దాటుతుంది. ఆ వెలుగుకు రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం కంటిగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని కోడిపిల్లల మీద జరిపిన ప్రయోగాలు సూచించాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఉంచారు. మూడేళ్ళలో కొత్తగా సైట్ వచ్చినవాళ్ళు వాళ్ళలో 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. దగ్గరి చదువుకు ఇందులో పాత్ర లేదని ఎవరూ అనడం లేదు. గంటల తరబడి గదిలో కూర్చోబెట్టే చదువు పిల్లలకు పగటి వెలుగును దూరం చేస్తుంది. కోన్ లెక్కల్లో ఆ లోటు కూడా కలిసే ఉండాలి.

తైవాన్ 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచమంది. ఏళ్ళుగా పెరుగుతూ వచ్చిన చూపు లోపం ప్రాథమిక పాఠశాలల్లో 2012లో 49.4 శాతం ఉండగా, 2015 నాటికి 46.1 శాతానికి దిగింది. మండుటెండలో నిలబడనక్కర్లేదనీ, చెట్టునీడ, వరండాలో వెలుతురు కూడా మేలు చేస్తాయనీ అక్కడి ఒక అధ్యయనం చెప్పింది. సాయంత్రం ట్యూషన్‌కు ముందు వేపచెట్టు కింద ఆడుకునే గంటకు మన ఇళ్ళలో ఇంకా అంత విలువ రాలేదు.