పిడికిలి, చేట, త్రాసు

మా తాడిపత్రికి వచ్చిన చుట్టాలను పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయానికీ, ఊళ్ళోని చింతల వెంకటరమణస్వామి కోవెలకూ తీసుకుపోవడం ఒక ఆనవాయితీ. వారు శిల్పాలను చూస్తారు, నేను పేర్లను చూస్తాను. ఈ రెండు గుళ్ళూ విజయనగర కాలంలో గండికోట నేలిన పెమ్మసాని నాయకుల చలువ. అయిదు శతాబ్దాల తరువాత కూడా ఆ దాతలెవరో మనకు తెలుసు. ఇప్పటి గుళ్ళలో ఫ్యాను రెక్కల మీదా, సిమెంటు బెంచీల వీపుల మీదా 'దాత' అని వ్రాసి పేరు ఉంటుంది. దీనిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. ఇచ్చినవాడు తన పేరు నిలవాలని కోరుకోవడం చాలా పాత కోరిక. అయితే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ సీమలో పేరు చెక్కించుకోని ఇవ్వడం కూడా ఒకటి ఉండేది. దాని చరిత్ర రాళ్ళ మీద లేదు, మాటలలోనూ కొలతలలోనూ ఉన్నది. ఆ కొలతలను గురించే ఈ టపా.

మొదటి కొలత పిడికిలి. 'ముష్టి' అంటే పిడికిలి అనే అర్థం. వాకిట నిలిచినవాని జోలెలో ఇల్లాలు పోసే గుప్పెడు గింజలకు అది పేరయింది. ఇప్పుడు అది తిట్టుగా దిగజారింది గాని, మొదట అదొక కొలపాత్ర. ఇంట్లో గింజలు అయిపోతే 'లేవు' అనరాదు, 'నిండుకున్నాయి' అనాలి. వాకిట ఉన్నవానితోనూ అంతే, 'లేదు, పో' అనక 'చెయ్యి ఖాళీ లేదు, పై ఇంటికి వెళ్ళు నాయనా' అనేవారు. కలిమిగలవానిని చూసి 'పెట్టి పుట్టాడు' అంటాం. ఈ జన్మలో ఉన్నది పూర్వజన్మలో పెట్టినదానికి ఫలమని ఆ మాటలోని లెక్క. అంటే ఈనాడు జోలె పట్టినవాడు అప్పుడు పెట్టనివాడని కూడా అర్థం వస్తుంది. మన నుడికారంలో దయ ఎంత ఉన్నదో, ఆ తీర్పూ అంతే ఉన్నది.

రెండవ కొలత చేట. కళ్ళంలో జొన్నలో కొర్రలో తూర్పారబట్టి రాశి పోసిన తరువాత, ధాన్యం ఇంటికి చేరకముందే వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, మంగలికి, తలారికి, చెరువు నీళ్ళు పంచే నీరుగంటికి వారి వారి 'మేర' కొలిచేవారు. ఇది దానం కాదు. ఏడాది పొడుగునా చేసిన పనికి పంటలో వాటా. పంట బాగుంటే మేర బాగుండేది, పంట పోతే అందరికీ పోయేది. దత్తమండలాలలో దీనికి తోడు 'దశబంధం' అనే ఏర్పాటు ఒకటుండేది. చెరువో బావో త్రవ్వించినవానికి, చెడిపోయినదానిని బాగుచేయించినవానికి, దాని క్రింద కొంత భూమి ఇనాముగా దక్కేది. నలుగురికీ నీళ్ళిచ్చినవాడు తానూ బ్రతకాలన్న తెలివి అందులో ఉన్నది.

ఈ కళ్ళాన్ని రంగులద్ది చూపించడం నాకు ఇష్టం లేదు. చేటలో గింజలు పోసే చెయ్యి చాలాసార్లు ఆ చేట పట్టినవానిని తాకేది కాదు. ఎవరికి ఎంత మేర అన్నదీ, ఎవరు ఎంత దూరంలో నిలవాలన్నదీ కులమే నిర్ణయించేది. హక్కయితే ఉన్నది గాని, ఆ హక్కు కట్లతో కూడినది.

ఈ రెండు కొలతలనూ కరువు పరీక్షకు పెట్టింది. 1866లో కరువు వచ్చినప్పుడు కర్నూలు సీమలో కోవెలకుంట్ల దగ్గరి ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి, నెలల తరబడి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. సీమలో ఆయన మీద జానపదులు పాట కట్టుకున్నారు. వచ్చినవాడు ఎవరు, నిజంగా పేదవాడా, పని చేయగలవాడా అని అడగకుండా పెట్టినవాడుగానే జనం ఆయనను గుర్తుంచుకున్నారు.

పదేళ్ళకు ధాత నామ సంవత్సరం వచ్చింది. 'దాత'కూ 'ధాత'కూ ఒక్క ఒత్తు తేడా, కాని ఈ సీమ ముసలివాళ్ళ నోట 'ధాత కరువు' అంటే చావు అని అర్థం. 1876లో వానలు తప్పాయి. అప్పటికి అనంతపురం జిల్లా లేదు, 1882 వరకు తాడిపత్రి బళ్ళారి జిల్లాలోనిదే. మదరాసు నుండి రాయచూరు పోయే రైలు మార్గం 1871 నాటికే పూర్తయి ఊరి మీదుగానే పోతున్నది. కనుక గింజలు రాలేక జనం చచ్చిపోయారని అనలేము. గింజలు రైలెక్కి వచ్చాయి, కొనడానికి కూలివాని చేతిలో డబ్బు లేదు.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను మదరాసు రాజధానికి పంపాడు. ఈ టెంపుల్ మూడేళ్ళ ముందు బీహారు కరువులో ధారాళంగా ఖర్చు పెట్టి ప్రాణాలు కాపాడి, దుబారా చేశాడని పైవారిచేత మాట పడినవాడు. ఈసారి ఆయన త్రాసు పట్టుకుని వచ్చాడు. కరువు పనిలో రోజంతా రాళ్ళు కొట్టిన మగవానికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. ఆడవారికీ పిల్లలకూ ఇంకా తక్కువ. పని ఇంటి దగ్గర దొరకరాదు, పది మైళ్ళ అవతలి శిబిరాలకు పోవాలి. నిజంగా ఆకలి ఉన్నవాడే అంత దూరం నడిచి వస్తాడని వాదన. అంత ఆకలి ఉన్నవాడు అంత దూరం నడవలేడన్న సంగతి ఆ వాదనలో లేదు. మదరాసు ఆరోగ్యశాఖ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ కొలతను గట్టిగా ఎదిరించి, పౌనున్నర ధాన్యమూ, పప్పూ, కూరగాయలూ ఉండాలని పట్టుబట్టాడు. కొన్ని నెలలకు పౌనుంబావు ధాన్యానికీ కొద్దిపాటి పప్పుకూ ప్రభుత్వం దిగివచ్చింది. 1876-78 నడుమ బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే చనిపోయినవారు యాభై లక్షలకు పైబడ్డారు.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. వెంగళరెడ్డి వంటివారు ఊరికొకరున్నా ధాత కరువు ఆగేది కాదు. ఒకని గాదె కొన్ని నెలలు వస్తుంది, వానలు రెండేళ్ళు ఎగ్గొడితే రాదు. అంత పెద్ద ఆకలికి ప్రభుత్వపు త్రాసే కావాలి. తప్పు త్రాసుది కాదు, దాని రెండో పళ్ళెంలో అనుమానాన్ని ఉంచడం తప్పు.

ఆ 1877లోనే లండన్ మేయర్ మాన్షన్ హౌస్‌లో కరువు నిధి తెరిచాడు. లక్షల పౌన్లు పోగయ్యాయి. మన సాలెవారి మగ్గాల మీద పోటీకి వచ్చిన లాంకషైర్ మిల్లు పట్టణాల నుండి కూడా చందాలు వచ్చాయి. వానలు తిరిగి పడిన తరువాత ఆ డబ్బుతో రైతులకు విత్తనాలు, ఎద్దులు కొనుక్కోవడానికీ, కూలిన ఇళ్ళు నిలబెట్టుకోవడానికీ సాయం చేశారు. గంజి ప్రాణం నిలిపితే, విత్తనం మనిషిని మళ్ళీ కళ్ళం దగ్గర నిలబెట్టింది. ఇచ్చేవారు చాలామంది మొదటిదానితో ఆగిపోతారు. రెండవది ఇవ్వడానికి, పుచ్చుకునేవాడు రేపు కూడా ఉంటాడన్న నమ్మకం కావాలి.

1880 నాటి కరువు కమిషనూ, ఆపైన వచ్చిన కరువు నియమావళీ సాయాన్ని ప్రభుత్వ బాధ్యతగా ఒప్పుకున్నాయి, కాని పరీక్షను వదలలేదు. 1952లో సీమలో గంజి కేంద్రాలు తెరిచినప్పుడు కూడా ఎంతమందికి, ఎన్నాళ్ళు అన్న వాదులాటే. ఆ ప్రశ్న మారడానికి ఇంకా అరశతాబ్దం పట్టింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టం పనిని హక్కు అన్నది. పని ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల చూపాలనీ, అంతకు మించితే పది శాతం కూలి ఎక్కువ ఇవ్వాలనీ వ్రాసింది. పది మైళ్ళు నడిపించి ఆకలిని పరీక్షించిన సీమలో, దూరానికి ప్రభుత్వమే బదులు చెల్లించాలన్న నియమం మొదలు కావడం నాకు చిన్న విషయంగా తోచదు.

అయితే చట్టం మారినంత తొందరగా మనసు మారదు. బస్టాండులో చెయ్యి చాపినవానిని చూడగానే 'ఒళ్ళు వంచి పని చేసుకోరాదా' అన్న మాట మన నాలుక చివరకు వస్తుంది. ఆ మాట మన అవ్వలది కాదని నా అభిప్రాయం. వారు 'పై ఇంటికి వెళ్ళు' అన్నారే గాని ఋజువు అడగలేదు. 'అపాత్రదానం' అన్న మాట పాతదే, కాని అది అన్నం విషయంలో అనేవారు కాదు. ఋజువు అడగడం త్రాసు పట్టుకున్నవారి నుండి మనకు అంటిన అలవాటు.

నా మటుకు నేను పెట్టుకున్న నియమం చిన్నది. తిండి అడిగినవానిని ప్రశ్న వేయను. డబ్బు ఎక్కువ మొత్తంలో ఇచ్చేటప్పుడు విచారిస్తాను, ఆ విచారణ వాని యోగ్యతను గురించి కాదు, అది విత్తనం అవుతుందా అని. ఇంకొకటి, పుచ్చుకున్నవాడు తిరిగి మరొకరికి ఇస్తానంటే కాదనను. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన సంస్థ ద్వారా సాయం పొందిన పల్లెల్లో, పేద కుటుంబాలు కూడా ఇంట్లో హుండీ పెట్టుకుని, తమకంటె కష్టంలో ఉన్నవారి కోసం నాణేలు వేస్తూ వచ్చాయి. పెట్టే హక్కు కలిగినవానికే కాదు, పుచ్చుకున్నవానికీ ఉన్నది. ఆ హక్కును అతనికి మిగల్చని దానం, ఎంత పెద్దదైనా, నా లెక్కలో కొలత తక్కువే.

మీ ప్రాంతాలలో మేరను ఏమని పిలిచేవారో, గింజలు అయిపోతే ఏమనేవారో, జోలె పట్టినవానికి ఏ మాట చెప్పి పంపేవారో తెలిసిన మిత్రులు వ్యాఖ్యలలో వ్రాయగలరు. కోస్తావారి మాటలు, తెలంగాణా వారి మాటలు కూడా చేరితే ఈ కొలతల పట్టిక ఇంకొంచెం నిండుతుంది.