గూడెం కుక్కల బేదులు: 1978కి ముందు, 1978 తర్వాత

కొంచెం పొడుగు పోస్టు ఇది. కుక్కల గురించి ఇంత చరిత్ర ఎందుకురా అని కొందరికి అనిపించొచ్చు. గూడెంలో పుట్టినవాళ్లకు అనిపించదులే.

పోయిన ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినాను. మాది ఆత్మకూరు అవతల, నల్లమల అంచున ఒక చెంచుగూడెం. ఇప్పుడు నంద్యాల జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా కర్నూలే. మా పెదనాయన కుక్క ఐదు పిల్లల్ని పెట్టింది. రెండు నెలలు నిండేసరికి ఒక పిల్ల తిండి మానేసింది, మరుసటి రోజు వాంతులు, ఆ తర్వాత నెత్తుటి బేదులు. ఆ వాసన ఒకసారి చూసినవాడు మర్చిపోడు. నాలుగు రోజుల్లో మూడు పిల్లలు పోయినాయి. మా తాత కొడిసెపాల చెక్క తెచ్చి దంచి, కషాయం కాచి పోసినాడు. ఆగలేదు. గుంత తవ్వుతా ఒక మాట అన్నాడు: "మా కాలంలో ఇదే చెక్కతో నిలబడేటివి అబ్బీ. ఇప్పుడు చెక్కలో సత్తువ పోయింది."

ఆ మాట నన్ను వదల్లేదు. చెట్టు అదే, కొండ అదే, కాచే చెయ్యీ అదే. మరి సత్తువ యాడికి పోయింది?

ముందు పాత కాలం చూద్దాం. చెంచుకు విల్లు ఎంతో కుక్క అంతే. ఉడుమును పట్టేది, పందిని నిలవేసేది, ఎలుగుబంటి వాసన మనకంటే ముందు పసిగట్టేది కుక్కే. అహోబిలం నరసింహస్వామి మన చెంచు పిల్లను పెండ్లాడినాడని కథ. అందుకే కనుమ నాడు మొదలై నలభై రోజుల పైన ఊరూరా తిరిగే ఆ స్వామి పారువేటలో మనకు ఒక చోటుంది. దేవుడినే వేటకు తిప్పే సీమలో వేటకుక్క చిన్నదెట్లా అవుతుంది? 1940లో ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెన్‌డార్ఫ్ భార్యతో కలిసి కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలోని అమ్రాబాద్ గుట్టల్లో చెంచుల మధ్య గడిపి, 1943లో పుస్తకం తెచ్చినాడు. అప్పటికి కృష్ణకు ఇవతల మన నల్లమల మద్రాసు రాష్ట్రంలో ఉండేది. నది రెండు పక్కలా మనవాళ్లే, ప్రభుత్వాలే వేరు.

ఆ కాలంలో కూడా కుక్కలకు బేదులు వచ్చేవి. కారణాలు కనబడేవే. జాతర మరుసటి రోజు పేగులు, కొవ్వు, ఎముకలు గొంతుదాకా మింగడం. చచ్చిన జంతువును తినడం. ఎండాకాలం కుంట అడుగున మిగిలిన పచ్చనీళ్లు తాగడం. కడుపులో పాములు. ఉగాదికి కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి నడిచిపోతారు కదా, ఆ దారిలో పారేసిన అన్నం తిని మా కుక్కలు ఇప్పటికీ రెండు రోజులు పడుకుంటాయి.

వీటికి మన పెద్దోళ్లు చేసింది ఏంది? ఒక పూట ఏమీ పెట్టకుండా వదిలేయడం, తర్వాత పలచని గంజి పోయడం. మరీ ఎక్కువైతే మారేడు పిందె, కొడిసెపాల చెక్క. కుక్క తనంతట తాను గరిక మేసి కక్కేది. ఇది మూఢనమ్మకం కాదు. కొడిసెపాల చెక్కను జిగట విరేచనాలకు ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. తెల్లోళ్లు కూడా దాన్ని 'కోనెస్సీ చెక్క' అని పేరుపెట్టి యూరప్‌కు పట్టుకుపోయినారు. అయితే నిజం చెప్పుకోవాలంటే, తిండి తేడా వల్ల వచ్చే బేదులు చాలామటుకు రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. చెక్క చేసింది కొంత, కాలం చేసింది కొంత. పేరు మాత్రం చెక్కకే వచ్చింది.

ఇంకో చెట్టు సంగతి కూడా చెప్పాలి. తపసి చెట్టు. తపసి బంక కోసం మనోళ్లు కొండలెక్కి, జీసీసీకి తూకం వేసి, చేతికొచ్చిన డబ్బులతో ఉప్పు, బియ్యం తెచ్చుకున్నారు. ఆ బంక నీళ్లలో వేస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ గుణం చూసే విదేశాల్లో 'స్టెర్క్యూలియా' పేరుతో మనుషుల మలబద్ధకానికి, కుక్కల, పిల్లుల పేగు బాధలకు మందుగా అమ్ముతారు. మన గూడెం బంక సముద్రాలు దాటి ఎవరింటి కుక్క కడుపునో కుదుటపరుస్తుంది. మన కుక్కలకు మాత్రం గుంత తవ్వుతున్నాం.

ఇప్పుడు 1978కి వద్దాం. ఆ సంవత్సరం మనకు ఒక విధంగా గుర్తే. నాగార్జునసాగర్-శ్రీశైలం అడవిని అభయారణ్యంగా ప్రకటించింది అప్పుడే. 1983లో అది ప్రాజెక్టు టైగర్ కిందికి పోయింది. అంతకుముందే 1972 వన్యప్రాణి చట్టంతో వేట నేరమైంది. వేట పోయాక కుక్క పని సగం పోయింది. అడవి మాంసం తిన్న కుక్క రేషన్ బియ్యపు అన్నానికి, రోడ్డు పక్క ఎంగిలి విస్తర్లకు అలవాటుపడింది.

సరిగ్గా అదే 1978లో మనకు తెలియకుండా ఇంకోటి జరిగింది. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో కుక్కపిల్లలు కుప్పలుగా చావడం మొదలైంది. వాంతులు, నెత్తుటి బేదులు. అంతకుముందు ఏ పశువైద్య పుస్తకంలోనూ లేని రోగం. దాని పేరు పార్వో. పిల్లుల్లో ఎప్పటి నుంచో ఉన్న పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ఆ జాతిలో వచ్చిన చిన్న మార్పుతో కుక్కల్లోకి దూకింది. రెండేండ్లలో లోకమంతా చుట్టేసింది. మొదట్లో మందు లేక పిల్లుల టీకానే కుక్కలకు వేసి చూసినారు. తర్వాత అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో కార్మైకేల్, ఆపెల్ అనే శాస్త్రవేత్తలు కుక్కలకే పనికొచ్చే టీకా తయారుచేసినారు. మన పక్క 1980ల మొదట్లోనే మద్రాసులో ఈ రోగాన్ని గుర్తించినారు. ఇది కుక్కతోనే రావాలని లేదు. చెప్పుకంటిన మట్టితో వస్తుంది, బండి టైరుతో వస్తుంది. నీడపట్టు మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. రోడ్డు పడిన ప్రతి గూడేనికీ దీనికి దారి దొరికినట్టే.

అంటే తాతా, చెక్కలో సత్తువ పోలేదు. రోగమే వేరు. నీ చెక్క నేర్చుకున్న బేదులు వేరు, ఇవి వేరు. వెయ్యేండ్ల వైద్యానికి నలభై ఐదేండ్ల రోగం ఎట్లా తెలుస్తుంది? పార్వో పేగు లోపలి పొరను తినేస్తుంది, నెత్తుట్లో తెల్లకణాలను పడగొడుతుంది. చికిత్స లేకపోతే పది పిల్లల్లో తొమ్మిది దాకా పోతాయి. సమయానికి సెలైన్ ఎక్కిస్తే ఎక్కువ భాగం బతుకుతాయి.

సెలైన్ అన్నాను కాబట్టి 1971 సంగతి. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోయినాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి, రోగుల బంధువుల చేతనే తాగించినాడు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపలికి పడిపోయినాయి. మనం వాడే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఉన్న కథ అదే. బేదులతో చచ్చేవాడు చాలాసార్లు రోగంతో కాదు, ఒంట్లో నీళ్లు ఆరిపోయి చస్తాడు. కుక్కకైనా, పిల్లికైనా అదే లెక్క. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే మెల్లగా దిగుతుందా? చిగుళ్లు ఎండి జిగటగా ఉన్నాయా? అయితే నీళ్లు ఆరిపోయినట్టే. వాంతులు లేకుంటే నీళ్లలో కలిపిన ఓఆర్‌ఎస్ స్పూను స్పూనుగా, ఐదు పది నిమిషాలకోసారి పోయొచ్చు. ఒకేసారి గిన్నెడు పోస్తే కక్కేస్తుంది.

పెద్ద కుక్క హుషారుగానే ఉండి బేదులు మాత్రమే అయితే ఒక పూట ఆపి, మెత్తగా ఉడికిన అన్నంలో కారం, నూనె, మసాలా లేని కోడిమాంసం కొంచెం కలిపి పెట్టండి. పాలు పోయకండి, పాలు అరగక ఇంకా ఎక్కువవుతుంది. చిన్న పిల్లల్ని పస్తు పెట్టొద్దు. పిల్లిని కూడా ఎక్కువసేపు పస్తు ఉంచకూడదు, దాని కాలేయం దెబ్బతింటుంది. మెడికల్ షాపులో మనుషుల మాత్రలు అడిగి వేయడం మన దగ్గర మామూలైపోయింది. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపేస్తుంది. మామూలు బేదులకు యాంటీబయాటిక్ కూడా అక్కరలేదని ఇప్పటి వైద్యులు అంటున్నారు. కొడిసెపాల కషాయం కూడా పిల్లికి, చిన్న కుక్కపిల్లకు పోయొద్దు. మన చెక్క మీద చిన్నచూపుతో చెప్పడం లేదు, ఆ చిన్న ఒంటికి కొలత మనకు తెలియదు. నెత్తురు పడినా, వాంతులు ఆగకపోయినా, నాలుగు నెలల లోపు పిల్ల అయినా ఇంట్లో పెట్టుకుని చూడొద్దు, పశువుల ఆసుపత్రికి ఎత్తుకుపోండి.

మనం ఇది పట్టించుకోడానికి ఇంకో కారణం ఉంది, ఇది రాజకీయం కూడా. బేదులు, కండ్లలో ముక్కులో చీమిడి, తర్వాత ఫిట్సు వస్తే అది పార్వో కాదు, డిస్టెంపర్. ఆ రోగం 1994లో ఆఫ్రికా సెరెంగెటిలో మూడో వంతు సింహాలను చంపింది. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోతే వాటిలోనూ డిస్టెంపర్ కనబడింది. అప్పటి నుంచి అడవుల చుట్టూ ఉన్న ఊరికుక్కల మీద అందరి చూపు పడింది. రేపు నల్లమలలో ఒక పులికి ఇట్లాంటిది వస్తే వేలు ఎవరివైపు చూపిస్తారో నేను చెప్పనక్కరలేదు. గూడెం ఖాళీ చేయమనడానికి ఇప్పటికే ఉన్న కారణాలు చాలవా?

అందుకే టీకా కాగితం మన చేతిలో ఉండాలని నా అభిప్రాయం. ఆరేడు వారాల వయసులో మొదటి టీకా, మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ, పదహారు వారాలు నిండేదాకా. ఒక్క టీకా వేసి ఊరుకుంటే లాభం లేదు, తల్లిపాల రక్షణ దాన్ని మింగేస్తుంది. పార్వోకు, డిస్టెంపర్‌కు కలిపి ఒకే టీకా దొరుకుతుంది. ప్రతి ఏడు జూలై 6న జూనోసిస్ దినం పేరుతో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, అది మంచిదే. ఈ కలిపిన టీకాను మాత్రం మామూలుగా మనమే కొనాలి. కూలికి పోయే ఇంట్లో కుక్కపిల్లకు మూడుసార్లు టీకా కొనమని ఎట్లా చెప్తాం? పులి కోసం ఖర్చుపెట్టే డబ్బులో పులి పక్కన ఉన్న కుక్కకు కొంత ఎందుకు పెట్టరు? గ్రామసభలో తీర్మానం రాసి శ్రీశైలం ఐటీడీఏకు, అటవీశాఖకు ఇద్దామని నేను, ఇంకో ముగ్గురం అనుకున్నాం. ముసాయిదా ఆదివారం ఇక్కడే పెడతాను, తప్పులుంటే దిద్దండి. 2022 నుంచి తిరుగుతున్న 1962 నంబరు పశువుల అంబులెన్స్ మీ గూడేనికి వచ్చిందా లేదా కామెంట్లో రాయండి, అది కూడా అందులో చేరుస్తాం. కడప వైపు తమ్ముళ్లు, ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో మనవాళ్లు ఎవరైనా చదువుతుంటే చెప్పండి, గూడెంలో ఒక రోజు క్యాంపు అడుగుదాం.

మిగిలిన రెండు పిల్లల సంగతి. ఒకదాన్ని మేనత్త వాళ్లింట్లో వేరుగా కట్టేసినాం, చచ్చినవి పడుకున్న చోట బ్లీచింగ్ నీళ్లు చల్లినాం. ఫినాయిల్‌కు ఈ వైరస్ లొంగదంట. రెండోదానికి కూడా బేదులు మొదలయ్యేసరికి బైకు మీద ఆత్మకూరుకు తీసుకుపోయి రెండు రోజులు సెలైన్ ఎక్కించినాం. తాత కూడా వచ్చినాడు. సీసాలో బుడగలు ఎక్కడం చూస్తా కూర్చున్నాడు. "ఇందులో ఏముందబ్బీ?" అని అడిగితే ఉప్పు నీళ్లే తాతా అన్నాను. నమ్మలేదు. మూడో రోజు పొద్దున అది గంజి నాకింది.