తోరణం నడుమ

వరంగల్ కోట ఫొటో అనగానే కళ్ల ముందు మెదిలేది ఒకటే: కీర్తి తోరణం సరిగ్గా నడిమధ్యన, అటో స్తంభం ఇటో స్తంభం, అడ్డదూలం కొసల మీద హంసలు. ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు దీన్ని కొత్తవాళ్ల అలవాటు కింద కొట్టిపారేస్తారు. మూడింట ఒక వంతు దగ్గరికి జరపమంటారు. ఆ సూత్రం 1797లో జాన్ థామస్ స్మిత్ ఇంగ్లండ్ పల్లె దృశ్యాల మీద రాసిన పుస్తకంలోది. పొలమూ ఆకాశమూ గీసేవాడికి పనికొచ్చే మాటను ఓరుగల్లుకు కొలబద్ద చేయడం సబబు కాదు. ఈ ఊరిని కట్టిందే కేంద్రం చుట్టూ. మట్టికోట, దాని లోపల రాతికోట, నాలుగు దిక్కులా ద్వారాలు, అన్నిటి నడుమ స్వయంభూ శివాలయం, దాని నాలుగు వైపులా తోరణాలు. ఎక్కడ నిలబడి చూడాలో కాకతీయుల స్థపతులు ఎప్పుడో తేల్చేశారు.

ఇలా నడిమధ్యన పెట్టడం పాత కెమెరాల పుణ్యమేనని కొందరంటారు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకలు, బరువైన స్టాండు. లెన్సు అంచుల్లో పదును తగ్గేది కనుక ముఖ్యమైనది మధ్యలో పెట్టేవారు. కొంత నిజమే. కానీ ఆ ఇబ్బందులేవీ లేని సెల్‌ఫోన్ మనిషి కూడా అక్కడికే వచ్చి నిలబడుతున్నాడు. అదే మనిషి వేయి స్తంభాల గుడి దగ్గర పక్కకి జరుగుతాడు. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయం గోడలు మూలలు మూలలుగా మలుపు తిరుగుతాయి, మూల నుంచి తీస్తేనే కట్టడం అర్థమవుతుంది.

అసలు గట్టి అభ్యంతరం వేరు: తోరణాన్ని మధ్యలో పెడితే ఆ మధ్యలో ఏముంది? 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ సేన కోటను గెలిచాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. వాటిని కావాలనే ఉంచి, ఆ నడుమే మసీదు కట్టారని చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ వాదన. గెలిచినవాళ్లకూ ఆ కేంద్రమే కావాల్సొచ్చిందన్నమాట. ఇప్పుడు చుట్టూ చెక్కిన రాళ్ల ముక్కలే. కెమెరాను నేలకు దించి పైకి వంచితే తోరణం సందులో ఆకాశం నిండుతుంది, రాళ్లు మాయమవుతాయి. తప్పంటూ ఉంటే ఆ వంచడంలోనే ఉంది. కంటి ఎత్తున పట్టుకుంటే నడిమధ్య చట్రం ఆ ఖాళీని దాచదు. 2014లో తెలంగాణ రాజముద్ర గీసినవారు మాత్రం ఆ సందులో చార్మినార్‌ను నిలబెట్టారు.