శామీర్‌పేటకు వెళ్లిన విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయమనగానే మనకు స్ఫురించునది నాలుగు గోడల నడుమ సాగు చదువు. అచట రైతును గూర్చిన గ్రంథములు చదువుదురు గాని, ఆ రైతు అరుగుపై కూర్చుండి అతని మాట వినుట అరుదు. ఈ వాడుకను సడలించిన ప్రయత్నమొకటి మన హైదరాబాదు చెంతనే జరిగినది. దానిని శ్రోతలకు జ్ఞాపకము చేయుట మా యుద్దేశము.

1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయము సాంఘిక సేవా విస్తరణ పథకము నొకదానిని చేపట్టి, సికిందరాబాదుకు ఉత్తరమున కరీంనగరము బాటపై నున్న శామీర్‌పేటను ఎన్నుకొన్నది. పరిశోధనకు సారథ్యము వహించినవారు మానవశాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే. వ్యవసాయము, పశువైద్యము, వైద్యము, విద్య మున్నగు శాఖలవారును అందు పాల్గొనిరి. ఊరికి సేవ చేయుచు ఊరిని అధ్యయనము చేయవలెనని సంకల్పము. ఈ రెండును ఒక కాడికి కట్టిన ఎడ్లవంటివి. ఒకటి వెనుకబడినచో రెండవదియు నిలిచిపోవును. ఆ కృషి ఫలమే 1955లో లండనున వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథము. కులముల కట్టుబాట్లు, వృత్తులు, కుటుంబ జీవనము, పండుగలు, ఊరిలో వచ్చుచున్న మార్పులు అందు వర్ణింపబడినవి. తెలుగు పల్లెను లోకమునకు ఇట్లు పరిచయము చేసినవారు తెలుగువారు కాకపోవుట గమనింపదగినది.

ఇంతలో 1952 అక్టోబరు 2న, 55 ప్రాజెక్టులతో, దేశమున సమాజ వికాస పథకము ఆరంభమైనది. దూబే ఈ పర్యాయము పశ్చిమ ఉత్తరప్రదేశ్ గ్రామములలో దాని నడకను పరిశీలించి, 1958లో మరియొక గ్రంథము ప్రకటించిరి. అందలి మాటలు అధికారులకు అంత రుచించి యుండవని మా యూహ. వ్యవసాయ విస్తరణ వలని లాభములో నూటికి దాదాపు 70 వంతులు ఊరి పెద్దలకును, కలిగిన రైతులకును చేరినదని ఆయన తేల్చిరి. శ్రమదానమును గూర్చి వ్రాసినది మరింత పదునైనది. బాట వేయునపుడు పెద్దలు పర్యవేక్షకులైరి. మన్ను మోసినవారు పేదలు. బాట పూర్తియైన పిదప దానిపై నడిచినవి బండ్లు గలవారి బండ్లే. కూలి లేని ఆ దినమున పేదవాని పొయ్యి ఎట్లు వెలిగెనో నివేదికలలో కానరాదు. ఇట్టి సంగతిని పట్టుకొనుటకే విశ్వవిద్యాలయము పల్లెకు పోవలసియున్నది. తాను అమలుపరచిన పథకపు లోటును తానే చెప్పుకొను కార్యాలయము అరుదు గదా!

బోధనకు తావులు తరువాత పెరిగినవి. ముస్సోరీలో 1958లో నెలకొన్న సమాజ వికాస సంస్థ 1960 దశకము నడుమ హైదరాబాదుకు తరలివచ్చినది. 1977లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ యను పేరు దాల్చినది. గాంధీ శతజయంతి వత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయములలో, సుమారు 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము మొదలైనది. సేవ చేయు చేతులు అట్లు వేలకు పెరిగినవి. కాని శిబిరమునకు పోయిన విద్యార్థి చేతికి పార ఇచ్చినంత సులభముగా, చూచినది వ్రాసికొను పుస్తకమును ఇచ్చిరా యని మేము సందేహింతుము.

శామీర్‌పేట నేడు నగరపు అంచున, బాహ్యవలయ రహదారి చెంత నున్నది. దూబే చూచిన ఊరిని చూడగోరువారు 1955 నాటి ఆ పుటలనే తెరవవలసియుండును.