అర్ధరాత్రి క్వీన్స్ ప్లాజాలో

నేను చరిత్రకారుణ్ణి కాను, రోజంతా కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాణ్ణి. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు పనిమీద న్యూయార్క్‌లో ఉన్నప్పుడు రోజూ క్వీన్స్ ప్లాజా స్టేషన్లో రైలెక్కేవాణ్ణి. ఆ చోటికి ఒక కథ ఉందని చాలాకాలం తర్వాత చదివి తెలుసుకున్నాను. ఈవారం ఆ కథే చెబుతాను.

1990ల్లో రైకర్స్ ఐలండ్ జైలునుంచి విడుదలైనవాళ్ళని బస్సులో తెచ్చి ఇక్కడే దింపేసేవారు. తెల్లవారుజామున రెండింటికీ ఆరింటికీ మధ్య! చేతిలో ఒకటిన్నర డాలరు, రెండుసార్లు రైలెక్కడానికి మెట్రోకార్డు, అంతే. వాళ్ళలో జైల్లో ఉన్నన్నాళ్ళూ మానసిక జబ్బులకి మందులు వాడినవాళ్ళు ఎందరో. గేటు దాటాక మందులు లేవు, చీటీ లేదు, చూపించుకోవడానికి డాక్టరు లేడు.

అసలు మనసు బాగాలేనివాళ్ళు ఇంతమంది జైల్లో ఎందుకున్నారు? ఇది పాత కథే. 1841లో మసాచుసెట్స్‌లో డొరోథియా డిక్స్ అనే పంతులమ్మ ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలుకి పాఠం చెప్పడానికి వెళ్ళి, మతిస్థిమితం లేని ఆడవాళ్ళని చలిలో వెచ్చదనమైనా లేని గదుల్లో ఉంచడం చూసింది. వాళ్ళకి ఆసుపత్రులు కావాలని జీవితమంతా పోరాడింది. ఆసుపత్రులొచ్చాయి. 1955 నాటికి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో అయిదున్నర లక్షలమంది ఉండేవారు. అక్కడి దుస్థితి చూసి, ఊళ్ళలోనే వైద్యం చేయిద్దామని 1963లో కెనెడీ చట్టం తెచ్చాడు. ఆసుపత్రులు ఖాళీ అయ్యాయి కానీ, అనుకున్నన్ని కేంద్రాలు రాలేదు. చూసేవాళ్ళు లేక కొందరు వీధినపడ్డారు, కొందరు మళ్ళీ జైలుకే చేరారు.

దీనికి తోడు 1965లో వచ్చిన మెడికెయిడ్ జైల్లో ఉన్నవాళ్ళ వైద్యానికి డబ్బివ్వదు. చాలా రాష్ట్రాల్లో లోపలికెళ్ళగానే పేరు కొట్టేసేవారు. బయటికొచ్చి మళ్ళీ అప్లై చేస్తే వారాలు పట్టేది. అన్నాళ్ళు మందులెలా?

1999లో కొందరు లాయర్లు న్యూయార్క్ సిటీమీద కేసు వేశారు. దాని పేరు 'బ్రాడ్ హెచ్.' వాళ్ళ వాదన మనకి సులభంగా అర్థమవుతుంది. అమ్మని ఆసుపత్రినుంచి ఇంటికి పంపేటప్పుడు ఏ మందులు వాడాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అని రాసిస్తారు కదా! మానసిక వైద్యం చేసినవాళ్ళు అలా రాసివ్వాలని న్యూయార్క్ రాష్ట్ర చట్టంలోనే ఉంది. జైల్లో చేసింది మాత్రం వైద్యం కాదా? 2000లో కోర్టు ఔనంది. 2003లో సిటీ రాజీకొచ్చింది. చేతికి మందులు, చీటీ, మెడికెయిడ్‌కి సాయం ఇస్తామని ఒప్పుకుంది. అమలు చూడడానికి కోర్టు పర్యవేక్షకుల్ని పెట్టింది.

మా భాషలో చెప్పాలంటే, ఒక సిస్టమ్‌నుంచి ఇంకోదానికి మార్చేచోటే డేటా పోతుంది. ఇక్కడ పోయేది మనిషి. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30 వేలమంది వివరాలతో 2007లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి రెండు వారాల్లో వాళ్ళు చనిపోయే ప్రమాదం మిగతావాళ్ళకంటే దాదాపు 13 రెట్లట! అన్నిటికంటే పెద్ద కారణం డ్రగ్ ఓవర్‌డోస్. 2023లో కాలిఫోర్నియాకి, విడుదలకి 90 రోజుల ముందునుంచే కొన్ని సేవలకి మెడికెయిడ్ వాడుకునే అనుమతి దొరికింది. దేశంలో అదే మొదటిది.

ఇదంతా మనకెందుకు అంటారేమో. మనవాళ్ళలో ఒకాయన, కొడుకు కౌంటీ జైలునుంచి వస్తున్నాడని నాతో గొంతు తగ్గించి చెప్పారు. ఏ రోజు వస్తాడో అడిగారట, ఏ మందులు వాడుతున్నాడో అడగడానికి సిగ్గేసిందట. పిల్లవాడు వచ్చాడు, మందులు రాలేదు. నెల తిరక్కుండా ఆసుపత్రిలో చేరాడు.

అలాంటి రోజు ఎవరికీ రాకూడదు. వస్తే మాత్రం సిగ్గుపడకండి. విడుదలకి ముందే జైలు క్లినిక్‌కి ఫోన్ చేసి, ఎన్నిరోజుల మందులిస్తారు, చీటీ ఎవరు రాస్తారు, బయట డాక్టర్ని చూసేది ఎప్పుడు అని అడగండి. వాళ్ళు అన్నీ చెప్పకపోవచ్చు, మీరు చెప్పేది మాత్రం వింటారు. ఆ గేటు దగ్గర మీరే ఎదురుచూడండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.